వెళ్ళడానికి మాటలేని ఇల్లు

మా అన్నయ్య పదోరోజున భోజనాలయ్యాక, పెరట్లో నూతి దగ్గర చేతులు కడుక్కుంటున్న ఒక కుర్రవాడు పక్కవాడితో అన్న మాట నా చెవిని పడింది. "ఈ పెద్దాయన మొదటి పెళ్ళాం లేచిపోయిందంటగా! మా అమ్మ చెప్పింది." వాడు మాకు దూరపు చుట్టం. ఆవిడని ఎన్నడూ చూసినవాడు కాడు. వెనక నేనున్నానని తెలిసి తువ్వాలుతో మూతి తుడుచుకుని, "అబ్బే, ఏం లేదండి బాబాయిగారూ" అంటూ పక్కకి తప్పుకున్నాడు. వాణ్ణి ఏమైనా అనే హక్కు నాకు లేదు. ఆ మాట వాడికి వాళ్ళమ్మ చెప్పింది; ఆవిడకి ఏ అత్తగారో చెప్పి ఉంటుంది. అలా ఒక్కొక్కరినే వెనక్కి అడుగుతూ వస్తే చివరికి తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లు గుమ్మంలో, వానకి తడిసి వణుకుతూ నిలబడ్డ పద్దెనిమిదేళ్ళ కుర్రాడి దగ్గర ఆగుతారు. ఆ కుర్రాణ్ణి నేను. అన్నయ్య ఉండగా ఈ సంగతి కాగితం మీద పెట్టడానికి భయపడ్డాను. ఇప్పుడు ఆయన లేడు కనక ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. మా నాగరత్నం వదిన ఎవరితోనూ లేచిపోలేదు.

అది ఎలా జరిగిందో తెలియాలంటే ముందు ఏలూరులో మా ఇంటి భాష తెలియాలి. కాలవకి దగ్గర్లో ఉండేది మా పెంకుటిల్లు. తెల్లవారకముందే పడవలవాళ్ళ కేకలు వినిపించేవి. తడిసిన గోనెల వాసన, పడవ అడుగున పూసే తారు వాసన, బెల్లం దింపిన రోజున బెల్లం వాసన ఇంట్లోకి వచ్చేవి. వాటి మధ్య మామ్మ పిడకల పొయ్యి పొగ. మామ్మ మా నాన్నకి అమ్మ. నన్ను కని మా అమ్మ బతకలేదు. నాన్న నా చిన్నతనంలోనే సంపాదనకి సముద్రం దాటి రంగం వెళ్ళాడు. ఆ రోజున స్టేషనుకి వేళ మించిపోతోందని ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని, వీధిలోకి దిగి, "పోతానమ్మా, బండి వేళయింది" అన్నాడట. "ఒస్తానని చెప్పరా, ఒస్తానని చెప్పు" అని మామ్మ గుమ్మంలోంచి అరిచిందట. ఆయనకి వినపడిందో లేదో తెలియదు. చేతులూపుతూ మలుపు తిరిగాడు. ఆ తరవాత రంగం నించి ఆయన రాలేదు, ఆయన ట్రంకు పెట్టె వచ్చింది. జ్వరమన్నారు, కలరా అన్నారు. మామ్మ మాత్రం అదేమీ వినలేదు. నోరుజారి అన్న ఆ ఒక్క మాటే కొడుకుని తీసుకుపోయిందని ఆవిడ నమ్మకం.

దీపం ఆరిందనకూడదు, కొండెక్కిందనాలి. బియ్యం అయిపోయాయనకూడదు, నిండుకున్నాయనాలి. ఇవి అందరిళ్ళల్లోనూ ఉన్నవే. మా ఇంట్లో అక్కడితో ఆగలేదు. పోవడం అన్న మాట ఏ రూపంలోనూ మా గడప లోపల వినపడకూడదు. వెళ్ళిపోవడం కూడా అంతే. బడికి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తాను, కాలవకి స్నానానికి వెళ్ళొస్తాను, పక్కింటికి చేటకోసం వెళ్ళొస్తాను. చుట్టాలు వచ్చి రెండు రోజులుండి బండెక్కితే, "వాళ్ళు వెళ్ళిపోయారా మామ్మా?" అని అడగకూడదు. "వెళ్ళొస్తామన్నార్రా" అనేది మామ్మ. రైలు పోయిందనకూడదు, దాటిందనాలి. పాలు తాగేసిన పిల్లిని గురించి కూడా "అది వెళ్ళొస్తుందిలే" అనేది. ఆ లెక్కన మా ఇంట్లోంచి ఎవరూ ఎన్నడూ వెళ్ళలేదు. అందరూ తిరిగి వచ్చే దారిలోనే ఉన్నారు. పైవాళ్ళకి ఇది నవ్వులాటగా ఉండేది. నాకు నవ్వు రాలేదు. చిన్నప్పుడు ఒకసారి పరధ్యానంగా "నే పోతున్నా" అని వీధిలోకి పరిగెత్తి, సగం దూరం వెళ్ళాక ఏమన్నానో గుర్తొచ్చి, వెనక్కి వచ్చి, మామ్మ కొంగు పట్టుకుని ఏడ్చాను. నేను చచ్చిపోతాననుకున్నాను. మామ్మ నా నోరు నీళ్ళతో పుక్కిలింపించి, మళ్ళీ గడప లోపలికి తెచ్చి, సరిగ్గా చెప్పించి పంపింది.

ఒక్క మాటతోనే మామ్మ రెండు పనులూ చేసేది. అది 'దయచెయ్యండి'. పెద్దమనుషులెవరైనా వస్తే అరుగు మీద తన పక్కన చెయ్యి చాపి, "దయచెయ్యండి" అనేది. అంటే లోపలికి రండని. బేరం కుదరక విసిగిస్తున్న గాజులవాడితోనూ "ఇంక దయచెయ్యి నాయనా" అనేది. అంటే ఇక్కణ్ణించి కదలమని. పొమ్మనే మాట నోట రాకుండా పొమ్మనడానికి ఆవిడ ఎంచుకున్న మర్యాద అది. ఏ దయచెయ్యడమో వచ్చినవాడు ఎలా తెలుసుకోవాలంటే, గుమ్మంలో చెంబు చూడాలి. రమ్మనేవాళ్ళకి కాళ్ళు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు అందేవి. ఆ చెంబు అందించే పని చిన్నప్పటినించీ నాది. మామ్మ నోరు ఏమన్నా, వచ్చినవాళ్ళు ముందు నా చేతికేసి చూసేవారు.

మా అన్నయ్య నాకంటే ఏడేళ్ళు పెద్ద. తాడేపల్లిగూడెంలో బియ్యం మిల్లులో గుమాస్తా. అక్కడే ఒక గది తీసుకుని ఉండి, వారానికోసారి రైల్లో ఏలూరు వచ్చేవాడు. తలలోనూ చెవుల్లోనూ ఊకపొట్టు, ఒంటినిండా తవుడు వాసన, నోటినిండా మిల్లు కబుర్లు. ఇంట్లో లేని మాటలన్నీ ఆయన గూడెం నించి మోసుకొచ్చేవాడు. మిల్లులో ఎవడు ఎలా మాయమయ్యాడో చెప్పడం ఆయనకి మహా సరదా. అప్పులవాళ్ళకి భయపడి ఒకడు జెండా ఎత్తేశాడు. పెళ్ళాంతో తగువుపడి ఇంకొకడు ఉడాయించాడు. పాత ఇంజను డ్రైవరు తట్టాబుట్టా సర్దేశాడు. కాటా మనిషి చెక్కేశాడు. కొత్తగా వచ్చిన కుర్ర గుమాస్తా మర్నాటికల్లా చిత్తగించాడు. ఏ మనిషికి ఏ మాట తగునో చూసి మరీ వాడేవాడు. మామ్మ చెవులు మూసుకుని, "ఆపరా, ఆ మాటలు ఇంట్లోకి తేకు" అని కసిరేది. "వీటిలో పోవడం ఎక్కడుంది మామ్మా? నీ మడి దాటలేదుగా" అని నవ్వేవాడు. మిల్లులో కూడా ఎవరు మానేసినా, ముందు గుమాస్తాగారు ఏ పేరు పెడతారో అని చూసేవారట.

నాగరత్నం వదినది కొల్లేటి లంక. చుట్టూ నీళ్ళు, మధ్యన మెరకమీద నాలుగు వీధుల ఊరు. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో, నీళ్ళల్లో పుట్టిన పిల్ల అని మామ్మ కాస్త తక్కువగా చూసింది. వచ్చిన వారానికే వదిన పెరట్లో తుంగ ఆరబెట్టి చాపలల్లడం మొదలుపెట్టింది. పచ్చి తుంగ వాసన ఇల్లంతా కమ్ముకుంది. మనిషి సన్నగా, చామనచాయగా, గబగబా మాట్లాడేది. నాకంటే ఏడాదో రెండేళ్ళో పెద్దదేమో. నన్ను 'చినబాబూ' అని పిలిచేది. ఒక ఆదివారం అన్నయ్యకీ నాకూ వడ్డిస్తూ, అన్నయ్య చెబుతున్న ఉడాయింపుల కథ విని, తనూ ఏదో చెప్పాలనుకుంది పాపం.

"మా ఊళ్ళో అయితే ఏటా లేచిపోతావండీ," అంది గరిటె పట్టుకుని. "కిందటేడు మా అమ్మా, నేనూ, మా మేనత్తా, అందరం ఒక్కసారే లేచిపోయాం."

అన్నయ్యకి పొలమారింది. ముక్కులోంచి పులుసు వచ్చింది. మామ్మ రెండు చేతులతోనూ నోరు మూసుకుంది. "హవ్వ! ఏమిటే ఆ మాట? ఎవడితోనే?"

"ఎవడితో ఏవిటండీ మామ్మగారూ?" వదిన మొహం ఎర్రబడింది. "నీళ్ళొస్తే లేచిపోవద్దాండీ? గొడ్లూ, గోదా, కోళ్ళూ, అన్నీ దోనెల్లో ఎక్కించుకుని మెరక్కి లేచిపోతావు. నీళ్ళు తీసేక మళ్ళీ దిగుతావు."

అప్పుడు తెలిసింది మాకు. కొల్లేటివాళ్ళకి ఆ మాటలో సిగ్గుపడేదేమీ లేదు. వరద వచ్చేముందు ఊరు ఊరంతా కదిలి గట్టు చేరడానికి వాళ్ళు పెట్టుకున్న పేరు అది. పిట్టలు లేచినట్టు లేవడం. అన్నయ్య ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు. ఆ తరవాత వారం వారం గూడెం బయలుదేరేముందు, చెప్పులు తొడుక్కుంటూ, "ఏమోయ్, నే వచ్చేలోగా లేచిపోవు కదా?" అని వదినని ఏడిపించేవాడు. "నీళ్ళొస్తే చూద్దారిలెండి" అనేది వదిన. ఆ ఇంట్లో వాళ్ళిద్దరికీ ఉన్న ఒకే ఒక్క వేళాకోళం అది. మామ్మ కూడా, పోవడం లేచిపోవడం వెనకాల దాక్కుందని గమనించినా, నీళ్ళ సంగతి కనక ఊరుకుంది. అలా ఆ మాట ఒక్కటీ మా గడప లోపల బతికింది.

ఆషాఢం వచ్చింది. కొత్తకోడలు పుట్టింటికి వెళ్ళాలి. "వెళ్ళొస్తాను మామ్మగారూ" అని వదిన మామ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి, గడప దాటి, మళ్ళీ వెనక్కి తిరిగి, "వెళ్ళొస్తాను చినబాబూ" అని నాకూ చెప్పింది. శ్రావణంలో నోములయ్యాక పంపుతామన్నారు వాళ్ళవాళ్ళు. శ్రావణం చివర వానలు పట్టుకున్నాయి. భాద్రపదం వచ్చేసరికి సూర్యుడు కనపడడం మానేశాడు. ఏలూరులోనే తమ్మిలేరు పొంగి పల్లపు వీధుల్లో మోకాలిలోతు నీళ్ళు పారుతుంటే, పై నీళ్ళన్నీ చేరే కొల్లేరు ఎలా ఉంటుందో మామ్మకి ఒకరు చెప్పక్కర్లేదు. అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తేది కాదు. "ఒరేయ్ చినబాబూ, కోడలు ఎలాగుందో చూసిరా. చూసి రా," అని రెండోసారి 'రా' అన్న మాట ఒత్తి పలికింది.

బండ్లమీదా, గట్లమీదా, నడుంలోతు నీళ్ళలోనూ పడి ఎలా వెళ్ళానో ఇప్పుడు సరిగా చెప్పలేను. గట్టు చివరికి చేరాక ముందు చూస్తే ఊరూ చేనూ ఏమీ లేవు. బురదరంగు నీళ్ళు, ఆకాశందాకా. తుమ్మచెట్ల తలలు మాత్రం పైకున్నాయి. వాటి కొమ్మలకి పాములు చుట్టుకుని వేలాడుతున్నాయి. ఒక ఇంటి కప్పు తాటాకులతో సహా తేలుతూ వచ్చింది. దానిమీద ఒక కోడి కదలకుండా కూర్చుని ఉంది. ఆ వెనక కడుపుబ్బిన గేదె ఒకటి కాళ్ళు పైకెత్తి నెమ్మదిగా తిరుగుతూ వెళ్ళింది. గాలి హోరులో నాకు నా పళ్ళు టకటకలాడడం వినపడింది. గట్టు పక్కన తాటిదోనె కట్టుకుని, గోనెపట్టా కప్పుకుని ఒక పడవవాడు కూర్చున్నాడు. వదిన వాళ్ళ ఊరు పేరు చెప్పి అడిగాను.

"ఆ ఊరు లేచిపోయిందండి బాబూ. నిన్న సందేళే లేచిపోయింది."

"మా వదిన... నాగరత్నమని..."

"ఏలూరు ఇచ్చిన పిల్లే కదండీ? ఆయ్, ఆవిడా లేచిపోయిందండి. అందరితోబాటే."

"ఎక్కడికి? ఎటు?"

"ఏం చెప్తావండీ, గాలి అలాగుంది. ఎవరు ఎవరి దోనె ఎక్కేరో ఎవరికి తెలుసండీ? కొన్ని ముదినేపల్లి వైపు కొట్టుకెళ్ళాయి. కొన్ని..." అని వాడు నీళ్ళకేసి చూసి ఊరుకున్నాడు.

వాడు మింగేసిన ఆ సగం మాటే నా వెన్నులో దిగింది. అక్కణ్ణించి వెనక్కి తిరిగి ఏలూరు చేరి, ఇంటికి వెళ్ళడానికి భయపడి, తిన్నగా స్టేషనుకి వెళ్ళి గూడెం బండెక్కాను. మామ్మకి చెప్పేకంటే ముందు అన్నయ్యకి చెప్పాలి. అన్నయ్య మనుషుల్ని వేసుకుని వెతుకుతాడు. దారిపొడుగునా నా నోట్లో ఒకే ఒక మాట మెదులుతోంది, 'పోయిందేమో, పోయిందేమో' అని. దాన్ని పైకి రానిస్తే నిజమైపోతుందని పళ్ళు బిగించి కూర్చున్నాను. నాన్న విషయంలో అయింది కదా.

మిల్లులో ఇంజను దడదడలాడుతోంది. బెల్టులు గిరగిరా తిరుగుతున్నాయి. ఊకపొట్టు పొగలా కమ్మి ఉంది. అన్నయ్య బస్తాల పక్కన బల్ల దగ్గర ఉన్నాడు. గుమ్మంలోంచి అరిచాను. వినపడలేదు. నా వాలకం చూసి ఇంజను డ్రైవరు, మంచివాడే, ఏదో కీడు జరిగిందని గ్రహించి ఇంజను ఆపేశాడు. ఒక్కసారిగా అంతా నిశ్శబ్దమైపోయింది. జల్లెళ్ళ దగ్గర ఆడవాళ్ళు, బస్తాలు మోసే కూలీలు, మేస్త్రీ, అందరూ నావైపు తిరిగారు.

"ఏమైందిరా?" అన్నాడు అన్నయ్య లేచి. "వదిన...?"

వదిన ఊళ్ళో లేదు, వెళ్ళిపోయింది అనాలి. వెళ్ళిపోయింది అనే మాట నా నాలుకకి అలవాటు లేదు. పోయిందేమో అనే మాటకి నాలుక తెగిపడుతుంది. కనపడలేదు అనచ్చు. వరద వచ్చింది అనచ్చు. ఇప్పుడు తీరుబడిగా కూర్చుంటే ఎన్ని మాటలైనా తోస్తాయి. ఆ క్షణాన నా దగ్గర ఉన్నది మామ్మ బతకనిచ్చిన ఒకే ఒక మాట. వదిన మాట.

"వదిన లేచిపోయింది అన్నయ్యా," అన్నాను. ఇంజను మోతలో అరిచిన గొంతుతోనే, పెద్దగా.

ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రీ తలపాగా సర్దుకుంటూ ముందుకొచ్చి, ఎంతో మర్యాదగా, "ఎవరితోనండీ?" అన్నాడు.

నేను ఆ ప్రశ్న విన్నాను. దాని అర్థం నా బుర్రకెక్కలేదు. పడవవాడు చెప్పింది చెప్పాను. "ఎవరి దోనె ఎక్కిందో తెలీదటండీ."

మిల్లంతా ఘొల్లుమంది. ఇన్నాళ్ళూ ఊరందరి ప్రయాణాలకీ పేర్లు పెట్టిన గుమాస్తాగారి ఇంటి ప్రయాణానికి పేరు ఆయన తమ్ముడే తెచ్చి పెట్టాడు. వాళ్ళు వదిలిపెడతారా? అన్నయ్య నా రెక్క పట్టుకుని ధాన్యం కొట్లోకి ఈడ్చుకెళ్ళాడు. నేను నీళ్ళ సంగతి, కోడి సంగతి, గేదె సంగతి చెప్పాను. ఆయనకి మొదటి మాటకే అర్థమైంది. ఆ వేళాకోళం ఆయనదే కదా. "ఉందా మనిషి?" అన్నాడు. తెలియదన్నాను. కండువా తీసి భుజాన వేసుకున్నాడు. గబగబా గేటుదాకా నడిచాడు. నేను వెనకే.

గేటు దగ్గర మేస్త్రీ. "ఎతకడానికేనాండీ గుమాస్తాగారూ? తోడు మనిషిని ఇమ్మంటారా? ఆ తీసుకెళ్ళినోడు బలవైనోడేమో!"

మళ్ళీ నవ్వారు. ఈసారి ఆడవాళ్ళు కూడా. అన్నయ్య ఆగిపోయాడు. ఆయన మెడమీద చెమట నాకు కనిపిస్తోంది. చెరువు పొంగితే, తుపాను వస్తే, అప్పు మీద పడితే మా అన్నయ్య భయపడడు. నలుగురూ నవ్వితే భయపడతాడు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. 'ఊరంతా నీళ్ళండీ, వరదండీ, వాళ్ళ మాటలో అలాగే అంటారండీ' అని నేను గట్టిగా ఒక్క కేక వేసి ఉండవలసింది. వేశాను కూడా, కాని అప్పటికి నా గొంతు నాకే వినపడనంత చిన్నదైపోయింది. అన్నయ్య వెనక్కి తిరిగి, "నువ్వు ఇంటికి పో. నేను రేపు వెళ్తాను" అన్నాడు. రెండు కూడని మాటలు ఒక్క ఊపిరిలో అన్నాడు. బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. డ్రైవరు ఇంజను వేశాడు.

ఆ రేపు రాలేదు. కొన్నాళ్ళకి నీళ్ళు తీశాయి. ముదినేపల్లి వైపు మెరకమీద, వాళ్ళ బంధువుల గొడ్లసావిట్లో వదినా వాళ్ళూ క్షేమంగా ఉన్నారని చేపలబుట్టవాళ్ళతో కబురు వచ్చింది. మామ్మ ఆ పూట కడుపునిండా అన్నం తింది. ఆ వారం అన్నయ్య వచ్చి, వదిన కబురు విని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఉంది కదా, అదే చాలు," అన్నాడు. "ఇంక ఇక్కడికి రానక్కర్లేదు."

"ఎందుకురా? నీళ్ళొస్తే లేచిపోక మునగాలిట్రా ఆడపిల్ల?"

"నాకు తెలుసు మామ్మా. నీకూ తెలుసు. గూడెంలో ఎవడికి తెలుసు?" అన్నాడు. "సందులో నడుస్తుంటే వెనకనించి 'దోనె, దోనె' అంటున్నారు. నేను అక్కడ బతకాలి."

మామ్మ నావైపు చూసింది. నేను తల వంచుకున్నాను. ఆ వారం నించీ మా ఇంట్లో లేచిపోవడం కూడా కూడని మాట అయింది.

దీపావళి ముందు ఒక ఉదయం నేను అరుగుమీద ఉండగా వీధి మలుపులో వదిన కనిపించింది. పక్కన ఆవిడ తమ్ముడు, నెత్తిమీద చుట్టిన కొత్త తుంగచాప. ఆవిడ నవ్వుతూ వస్తోంది. గూడెం నవ్వుల సంగతి ఆవిడకేమీ తెలియదు. నేను అలవాటు కొద్దీ లోపలికి పరిగెత్తి, గోలెంలో ముంచి చెంబు నింపి, గుమ్మంలోకి వచ్చాను. అన్నయ్య ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు, ముందుగదిలో తలుపు వెనక మంచంమీద. మామ్మ అరుగుమీద గోడకి ఆనుకుని కూర్చుంది. వదిన మెట్టు దగ్గరికి వచ్చి, చాప దింపించి, "మీకోసం అల్లేను మామ్మగారూ, చలికాలం పనికొస్తుందని" అంది.

మామ్మ ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసింది. తరవాత, "దయచెయ్యమ్మా" అంది.

అంతే. ముందు 'ఇంక' అనలేదు. పక్కన చోటూ చూపించలేదు. ఆ గొంతులో ఏముందో పసికట్టడానికి నేను ఆవిడ చెంపల ముడతలకేసి చూశాను. ఏమీ తెలియలేదు. వదిన కూడా ఒక పాదం మెట్టుమీద పెట్టి ఆగింది. ఆవిడకీ మా ఇంటి పద్ధతి తెలుసు. తల తిప్పి నా చేతిలో చెంబుకేసి చూసింది. నేను ఒక్క అడుగు ముందుకి వేస్తే చాలు. మామ్మ మాటకి ఆ ఒక్క అడుగే అర్థం. సరిగ్గా అప్పుడు నా వెనక గదిలో మంచం కిర్రుమంది. అన్నయ్య లేచి కూర్చున్నాడు. ఆయన ఊపిరి తలుపు అవతల వినపడుతోంది. నా చేతిలో చెంబులోంచి నీళ్ళు నా పాదాల మీదే తొణికాయి. నేను చెంబు వెనక్కి, తలుపు వార, నేలమీద పెట్టేశాను.

వదిన అది చూసింది. పాదం మెట్టుమీంచి తీసింది.

"వెళ్తాను మామ్మగారూ," అంది.

వస్తానని అనలేదు. మామ్మ సరిదిద్దలేదు. ఆ ఇంట్లో అలాంటి మాట సరిదిద్దకుండా గడప దాటిపోవడం నేను అదే మొదటిసారి చూడడం. వాళ్ళిద్దరూ మలుపు తిరిగేదాకా మామ్మ కళ్ళు ఆర్పలేదు. ఆ చాప మీదే ఆవిడ తన చివరి రోజుదాకా పడుకుంది. నేను పెద్దవాణ్ణయి, ఉద్యోగంలో చేరాక, ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు ధైర్యం చేసి అడిగాను. "మామ్మా, ఆ రోజు నువ్వన్నది ఏ దయచెయ్యడం?" మామ్మ అప్పటికి మంచం పట్టింది. చూపు ఆనడం లేదు. "చెంబు నీ చేతిలోనే ఉంది కదరా," అంది.

ఆ తరవాత అన్నయ్య మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ వదినా మంచిదే, పిల్లలూ మంచివాళ్ళే. మొదటావిడ ఏమైందని అడిగినవాళ్ళకి ఆయన జవాబు చెప్పేవాడు కాదు, ఆయన బదులు ఊరు చెప్పేది. ఇప్పుడు మా ఇంట్లో ఏ మాటకీ భయం లేదు. మా పిల్లలు వీధిలోకి వెళ్తూ 'టాటా' అంటారు. కొందరు ఆ మాత్రమూ అనరు. కరెంటు పోయింది, బస్సు పోయింది, పెన్ను పోయింది అని పొద్దుట లేచింది మొదలు అంటూనే ఉంటారు. ఏ కీడూ జరగడం లేదు. వాళ్ళని చూసి నేను సంతోషించాలి. సంతోషిస్తాను కూడా. కాని ఎవరైనా ఊరికే బయటికి వెళ్తే, ఎక్కడికో ఎప్పుడొస్తారో చెప్పకుండా వెళ్తే, వాళ్ళు తిరిగొచ్చేదాకా నా చేతులు ఇప్పటికీ చల్లబడి ఉంటాయి. మామ్మ తన భయానికి మాటల కంచె కట్టుకుంది. ఆ కంచె మాటే తీసుకెళ్ళి నేను మిల్లు గుమ్మంలో అరిచాను. పిల్లలకి కంచె లేదు, నాకు భయం మిగిలింది.

పదోరోజు అయిన వారానికి నేను కొల్లేరు వెళ్ళాను. ఇప్పుడు గట్టు చివరిదాకా బస్సుంది. అక్కణ్ణించి నాటుపడవ. ఎండ కాస్తోంది. నీళ్ళమీద గూడబాతులు కదలకుండా ఉన్నాయి. నేను నీళ్ళకేసి చూడకుండా పడవ అడుగుకేసి చూస్తూ కూర్చున్నాను. వదిన తన తమ్ముడి ఇంటి పక్కన చిన్న తాటాకింట్లో ఉంటోంది. వసారా నిండా ఆరుతున్న తుంగ. అదే వాసన. ఆవిడ వాకిట్లో కూర్చుని చాప అంచు ముడుస్తోంది. జుట్టు బాగా నెరిసింది. నుదుట బొట్టు ఉంది, పెద్దది. ఆ బొట్టు చూసేసరికి, కబురు ఇక్కడిదాకా రాలేదని తెలిసింది. నేను రెండు మాటలు చెప్పడానికి వచ్చాను. ఒకటి అన్నయ్య సంగతి. రెండోది మిల్లులో ఆ రోజు నేనన్నది, చెంబు నేను కింద పెట్టింది ఎందుకన్నది.

ఆవిడ కళ్ళమీద చెయ్యి అడ్డుపెట్టుకుని చూసింది. "చినబాబు కదూ?"

"అవును వదినా," అన్నాను. "అన్నయ్య..."

అక్కడ ఆగిపోయాను. కాలం చేశాడు, స్వర్గస్థుడయ్యాడు, శివైక్యం చెందాడు. కార్డుల మీద అచ్చువేయించిన మాటలన్నీ వరసగా వచ్చి వెళ్ళాయి. ఆవిడ చాప ముడవడం ఆపి, చూస్తూ ఉంది. ఇంకో మాట చాటున దాక్కోవడం ఇక నావల్ల కాదనిపించింది.

"పోయాడు వదినా," అన్నాను. అన్నయ్య గురించి ఆ మాట నేను అనడం అదే మొదటిసారి.

ఆవిడ చేతిలో తుంగపుల్లని వేళ్ళతో నెమ్మదిగా నలుపుతూ నీళ్ళకేసి చూసింది. తరవాత మోకాలిమీద చెయ్యి ఆనించి లేచింది. గుమ్మం దగ్గర నిలబడి, ఇటు తిరిగి, "దయచెయ్యండి" అంది. నన్ను ఎన్నడూ 'అండి' అనని మనిషి.

అనేసి లోపలికి వెళ్ళింది. నేను ఒక పాదం మెట్టుమీద పెట్టి ఆగాను. రెండో మాట ఇంకా నా నోట్లోనే ఉంది. లోపల చీకట్లో ఆవిడ మొహం కనపడడం లేదు. గోలెంలో చెంబు ముంచిన చప్పుడు మాత్రం వినిపించింది. ఆ నీళ్ళు నా కాళ్ళకో, ఆవిడ నుదుటి బొట్టుకో. నేను కదలకుండా నిలబడి, గుమ్మంకేసి చూస్తున్నాను.